పొలిమేర కవతల పుట్టిన పత్రికలు: వ్రాయువారి ధర్మము, చదువువారి ధర్మము

తెలుగు పత్రికల చరిత్ర వ్రాయబూనినవారెవరైనను మొట్టమొదట మన బళ్ళారి పేరు తలపక తప్పదు. 1835వ సంవత్సరమున బళ్ళారి క్రైస్తవ సంఘమువారు ‘సత్యదూత’ యను పత్రికను వెలువరించిరి. తెలుగు భాషలో తొలి పత్రిక యిదియేయని పరిశోధకులలో పెక్కుమంది యభిప్రాయము. మతబోధకై పుట్టిన పత్రిక గనుక లోకవార్తలకందు ప్రాధాన్యము లేకపోవుట సహజము. ఏడేండ్ల పిమ్మట, 1842లో, చెన్నపట్టణమున ‘వర్తమాన తరంగిణి’ యను వారపత్రిక వెలువడెను. దాని స్థాపకుడు సయ్యద్ రహమతుల్లా యను ముస్లిము సోదరుడు. 1908లో ‘ఆంధ్రపత్రిక’ బొంబాయి నగరమున జన్మించినది. ఈ మూడు పట్టణములలో ఒక్కటియు నేటి ఆంధ్రప్రదేశమున గాని తెలంగాణమున గాని లేదు. తెలుగు పత్రికకు పుట్టినిల్లు ఏదియని యెవరైన నడిగినచో, మనబోటి పొలిమేర కవతలి కుటుంబములవారు కొంచెము తలయెత్తియే సమాధానము చెప్పుకొనవచ్చును.

ఈ వ్యాసము వ్రాయుచున్న నేను పండితుడను గాను. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి, ముప్పదియైదేండ్లు తపాలాశాఖలో గుమాస్తాగిరి చేసి విశ్రాంతి పొందినవాడను. పత్రికల కట్టలు నా చేతులమీదుగా ఎన్నియో నడచినవి. కట్ట విప్పి ఊరూరి సంచిలో వేయునపుడు నేను చూచుచుండినది పతాకశీర్షిక కాదు. కడపటి పుట అడుగున చిన్న అక్షరములతో నుండు ఒక పంక్తి. ఎవరు ముద్రించిరి, ఎవరు ప్రకటించిరి, ఎచ్చట అచ్చు వేయబడెను, సంపాదకుడెవరు అను వివరములందుండును. పాఠకులలో నూటికి తొంబదిమంది దానిని చదువరు. పత్రిక యొక్క బాధ్యత యంతయు ఆ ఒక్క పంక్తిలోనే యున్నదని నా నమ్మకము.

ఆ పంక్తికి మూలము 1867నాటి ముద్రణాలయముల చట్టము. తెల్లదొరతనమువారు దానిని మన మేలుకోరి చేసిరని యెవ్వరును చెప్పరు. రాజద్రోహపు వ్రాతలు కనబడినపుడు ఎవరిని పట్టుకొనవలెనో తెలిసియుండుటకే చేసిరి. అయినను దానివలన ఒక సదాచారము మనకు మిగిలినది. మాట యచ్చు వేసినవాడు తన పేరును, ఊరును అచ్చు వేయవలెను. పేరులేని జాబును మనవారు ‘ఆకాశరామన్న ఉత్తర’మందురు. కచేరీలలో ఆకాశరామన్న ఉత్తరములకెంత విలువ యిత్తురో ఉద్యోగము చేసినవారందరకును తెలియును. ఆ చట్టము నూటయేబదియేండ్లకు పైగా నిలిచి, 2023లో చేసిన క్రొత్త చట్టమునకు 2024 మార్చిలో చోటిచ్చినది.

పేరు పెట్టి వ్రాయుటలో నుండు ధైర్యమునకు మనవారిలో తొలి యుదాహరణము కందుకూరి వీరేశలింగము పంతులుగారు. 1874లో ‘వివేకవర్ధని’ని స్థాపించి, మొదట చెన్నపట్టణమున అచ్చు వేయించి, పిదప రాజమహేంద్రవరముననే స్వంత ముద్రాలయము నెలకొల్పుకొనిరి. న్యాయస్థానములలో లంచము పుచ్చుకొను ఉద్యోగులను గూర్చియు, వారికిని కక్షిదారులకును నడుమ బేరము కుదుర్చువారిని గూర్చియు పంతులుగారు వ్రాసిన వ్రాతలు ఆ పట్టణమును గడగడలాడించినవి. ఆయన యా యూరివాడే; తాను విమర్శించినవారి ఎదుటనే ప్రతిదినము నడచి పోవలసినవాడు. స్త్రీవిద్యాది విషయములలో కొక్కొండ వెంకటరత్నము పంతులుగారి ‘ఆంధ్రభాషా సంజీవని’తో వివాదము చెలరేగినపుడు, దానికి మారుగా 1876లో ‘హాస్యసంజీవని’యను అనుబంధము నారంభించిరి. ఆ పోరులో ఇరువురును ఒక్కొక్కచో హద్దు దాటిరని నాకు తోచును. ఎత్తిపొడుపులు ఎక్కువైనచోట విషయము మరుగున పడినది. అయినను ఎవరి మాట యెవరిదో నాటి పాఠకునకు తెలిసియుండెను. ఇరుపక్షముల వ్రాతలును చదివి, ఎవరి వాదము నిలిచినదో తూచుకొను అవకాశమతనికి కలిగెను.

పేరు పెట్టినందులకు మూల్యమెట్టిదో 1908లో తేటపడినది. బెజవాడనుండి వెలువడుచుండిన ‘స్వరాజ్య’ పత్రికలో, తిరునెల్వేలి ప్రాంతపు కాల్పులను గూర్చి, పరదేశ ప్రభుత్వమును క్రూరమైన పులితో పోల్చుచు ఒక వ్యాసము వచ్చెను. సంపాదకులైన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిపై రాజద్రోహనేరము మోపబడెను. క్రింది న్యాయస్థానము విధించిన ఆరునెలల శిక్ష చాలదని ప్రభుత్వము పైకి పోగా, హైకోర్టువారు దానిని మూడేండ్లకు పెంచిరి. పత్రికతో సంబంధమున్న బోడి నారాయణరావుగారును శిక్షపాలైరి. హరిసర్వోత్తమరావుగారు ఎం.ఏ. పట్టభద్రులు, ఆ దినములలో ఆ చదువునకు సర్కారు కొలువు చేతికందినంత దూరములో నుండెడిది. కారాగారమునుండి వచ్చిన పిమ్మట ఆయన గ్రంథాలయోద్యమమునకును, వయోజన విద్యకును జీవితమర్పించిరి. పత్రిక వ్రాసినచో చాలదు, చదువగలవారిని తయారు చేయవలెనని ఆయన గ్రహించినట్లున్నది.

ఇక బొంబాయి ముచ్చట. ఆ నగరమున కామాఠిపుర మను పేటకు ఆ పేరు వచ్చినది మన తెలుగు సీమనుండి కట్టడపు పనులకై వలసపోయిన కామాఠీలవలననే. అట్టి నగరమునకు కృష్ణామండలపు ఎలకుర్రు గ్రామమునుండి పోయిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో అమృతాంజనమను తలనొప్పి మందు తయారు చేసి ధనవంతులైరి. 1908 సెప్టెంబరులో ఆ ధనముతోనే ‘ఆంధ్రపత్రిక’ను వారపత్రికగా నారంభించిరి. 1910 మొదలుగా ఉగాది సంచికలు, 1914 ఏప్రిల్ 1వ తేదీనుండి చెన్నపట్టణమున దినపత్రిక, 1924లో ‘భారతి’ మాసపత్రిక, 1926లో ఆంధ్రగ్రంథమాల. దినపత్రిక పుట్టిన నాలుగు నెలలకే ఐరోపాలో మహాయుద్ధము వచ్చెను. పల్లెటూరి రచ్చబండ మీద ఒకడు చదువగా పదిమంది వినుట ఆ యుద్ధకాలములో తెలుగునాట వాడుకయైనది.

మన సంఘములవారు గమనింపదగినది మరియొకటి కలదు. పంతులుగారి పత్రిక కేవలము ‘ఇంటి కబుర్ల’ పత్రిక కాదు. బొంబాయిలోనుండి తెలుగువారికి దేశవార్తలు చెప్పినది. చెన్నపట్టణములోనుండి ఆంధ్రోద్యమమునకు దన్నుగా నిలిచినది. పొరుగు భాషల నడుమ బ్రతుకుచు స్వభాషను వీడకుండుట యెట్లో ఆయన చేసి చూపిరి. ఆ పత్రిక పెట్టుబడి తలనొప్పి మందునుండి వచ్చినదని కొందరు హాస్యమాడెడివారు. నా మట్టుకు నేను దానిని గౌరవమైన సంగతిగానే యెంతును. పత్రికను పోషించు డబ్బు ఎక్కడిదో బాహాటముగా తెలిసియుండెను. ప్రభుత్వపు ప్రకటనలకై చేయి చాపవలసిన యవసరము తక్కువైయుండెను. 1956నాటి నియమములను బట్టి, ఏటేటా ఫిబ్రవరి నెల ముగిసినపిమ్మట ప్రతి పత్రికయు తన యజమానులెవరో, పెద్ద వాటాదారులెవరో ఒక ప్రకటనగా అచ్చు వేయవలసివచ్చినది. మూల నుండు ఆ చిన్న ప్రకటనను చదివినచో, ఆ యేడాది పొడుగున ఆ పత్రిక ఎవరిని పొగడెనో, ఎవరి సంగతి దాచెనో కొంత బోధపడుచుండెడిది.

పత్రిక వెల చూచి, కాగితపు ఖరీదు చూచినవారికి లెక్క సరిపడదని తెలియును. తక్కినది ఎవరో యొకరు చెల్లించుచునే యుండిరి. ఇచ్చట చదువువారి ధర్మము నొకింత చెప్పవలసియున్నది. నా ఉద్యోగకాలమున చిన్న తెలుగు మాసపత్రికలు చందాదారులకు వి.పి. పంపెడివి. పోస్టుమాను తలుపు తట్టగానే ‘ఇంటిలో లేర’ని చెప్పించువారు, ‘తీసుకొనము’ అని వ్రాయించి త్రిప్పిపంపువారు ఎందరో! తిరిగిపోవు ఖర్చును ఆ బక్క సంపాదకుడే భరించవలసియుండెను. వారే తరువాత సభలలో లేచి, మన భాషలో మంచి పత్రికలు లేవని దీర్ఘోపన్యాసములు చేసెడివారు. ‘ఆంధ్రపత్రిక’ ఎనుబదిమూడేండ్లు నడచి 1991లో ఆగిపోయినది. కారణములు పెక్కుండవచ్చును గాని, పత్రికల చావులో చందా బకాయిల పాలెంతయో తపాలా గుమాస్తాలకు బాగుగా తెలియును.

వార్తను బిగబట్టినపుడేమి యగునో 1942 చెప్పినది. ఆ సంవత్సరము ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణము మీదను కాకినాడ మీదను బాంబులు వేసినవి. యుద్ధకాలపు నిబంధనలవలన పత్రికలు చూచినదంతయు వ్రాయుటకు వీలులేకుండెను. కొలదిదినములకే చెన్నపట్టణమున అవసరము లేనివారు నగరము విడచి పోవలెనని ప్రభుత్వము హెచ్చరించెను. కచేరీలు లోపలి యూళ్ళకు తరలినవి. వార్త లేనిచోట వదంతి రాజ్యమేలును. ఓడలు కనబడినవనియు, సైన్యము దిగినదనియు నోటిమాటలు వ్యాపించి, జనము దొరికిన బండి నెక్కి పారిపోయిరి. ఏ జపాను సైన్యమును దిగలేదు. పత్రికలను తిట్టుచు, వాటికి వార్త దొరకనీయని పాలకులను మరచుట న్యాయము కాదని ఈ సందర్భమున చెప్పవలెను.

పిమ్మట పదేండ్లకు వచ్చినది మన కుటుంబములను నేరుగా తాకిన ఘట్టము. 1952 అక్టోబరు 19న చెన్నపట్టణమున పొట్టి శ్రీరాములుగారు నిరాహారదీక్ష పూని డిసెంబరు 15 రాత్రి ప్రాణములు విడచిరి. నాలుగు దినములలో ఆంధ్రరాష్ట్ర ప్రకటన వచ్చెను. ఆ నడుమ రైళ్ళు నిలిచినవి, కాల్పులు జరిగినవి, ప్రాణములు పోయినవి. మద్రాసు నగరమెవరిదన్న తగవులో ఇరుభాషల పత్రికలలోను వేడి వ్యాసములు వచ్చుచుండెను. అట్లే బళ్ళారి యెవరిదన్న తగవులో తెలుగు కన్నడములు తలపడినవి. జిల్లాలోని ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రకు పోగా, న్యాయమూర్తి మిశ్రాగారి విచారణ పిమ్మట బళ్ళారి తాలూకా 1953 అక్టోబరు 1న మైసూరు రాష్ట్రమున కలిసెను. దూరపుటూళ్ళలో కూర్చుండి వేడి వ్యాసములు వ్రాసినవారు ఆ సాయంకాలము సుఖముగా నిదురించిరి. తెల్లవారి ఒకే బావిలో నీరు తోడుకొనవలసినవారు మనవారు.

మా తండ్రిగారు చెప్పగా విన్న సంగతి యిది. ఆ దినములలో మా యింటికి తెలుగు పత్రిక వచ్చెడిది, ఎదురింటి కన్నడ ఉపాధ్యాయులవారి యింటికి కన్నడ పత్రిక వచ్చెడిది. సాయంకాలము దీపాలవేళకు ఇద్దరును అరుగుమీద కూర్చుండి పత్రికలు మార్చుకొనెడివారు. ఒకే సభకు తెలుగు పత్రిక పదివేలమంది వచ్చిరనెను. కన్నడ పత్రిక వేయిమంది యనెను. ఆ ఉపాధ్యాయులవారు నవ్వి, “రావుగారూ, ఆ మైదానములో మూడువేలమంది కన్న పట్టరు, నేను మా పిల్లలను ఆటలకక్కడికే తీసుకొనిపోవుదును” అనిరట. మైదానమును కన్నులార చూచినవారికి రెండు పత్రికలును తప్పే. తగవు ముగిసినది, సరిహద్దు మారినది, ఆ రెండిండ్ల నడుమ పసుపుకుంకుమల రాకపోకలు నేటికిని నిలిచియున్నవి. రెండు భాషలు చదువవచ్చిన వారికి గల ఈ సదుపాయమును మనము తగినంతగా వాడుకొనుట లేదని నా ఫిర్యాదు.

అచ్చయిన యబద్ధమునకు బదులెట్లు చెప్పవలెనో తెలియగోరినచో హైదరాబాదు సంస్థానపు చరిత్ర చూడవలెను. నిజాము పాలనలో తెలుగున పత్రిక నడపుటయే సాహసము. 1922లో నల్లగొండనుండి ‘నీలగిరి’, ఓరుగల్లు ప్రాంతపు ఇనుగుర్తి గ్రామమునుండి ‘తెనుగు’ వెలువడినవి. ఇనుగుర్తిలో ఒద్దిరాజు సోదరులు వ్రాయుట మొదలు అచ్చు వేయుట వరకు తామే చేసికొనిరి. 1926 మే 10న సురవరము ప్రతాపరెడ్డిగారి సంపాదకత్వమున ‘గోలకొండ పత్రిక’ హైదరాబాదులో ఆరంభమైనది. తరువాత కొంతకాలమునకు, నిజాము రాష్ట్రమున తెలుగు కవులే లేరను భావముతో ఒక వ్రాత ప్రకటింపబడెను. ఎవరికైనను ఒడలు మండును. ప్రతాపరెడ్డిగారు తిట్లకు దిగలేదు. మీ మీ యూళ్ళలోని కవుల వివరములు, పద్యములు పంపుడని కోరిరి. ఊరూరినుండి పాఠకులు, కవులు వ్రాసి పంపిరి. 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ వెలువడెను. అందు 354 మంది కవుల వివరములు, రచనలు కలవు.

ఈ పని సంపాదకుడొక్కని వలన కాదు. తన యూరి వృద్ధకవి యింటికి పోయి, పేరు, వయస్సు, గ్రంథములు అడిగి వ్రాసికొని, కాణీ ఖర్చు పెట్టుకొని తపాలాలో వేసిన వారెందరో కలరు. వారి పేర్లు మనకు తెలియవు. చదువువాని ధర్మమనగా నాకు మొదట గుర్తు వచ్చునది వారే. ఒడిస్సాలోని బరంపురము, పర్లాకిమిడి, తమిళనాడులోని హోసూరు, యానాము, షోలాపురము మొదలగు తావులలో నేటికిని ఎందరు తెలుగు రచయితలున్నారో, ఎన్ని తెలుగు బడులు మూతపడినవో, ఇట్టి పట్టిక యొకటి మన సంఘములు చేర్చి వ్రాసినచో ‘అక్కడ తెలుగు ఎప్పుడో పోయినది’ అను పత్రికల మాటకు అదియే జవాబగును.

అదే నగరమున 1948 ఆగస్టు నెలలో ‘ఇమ్రోజ్’ అను ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను రజాకారులు నడివీధిలో హత్య చేసిరి. సంస్థానము భారతదేశమున కలియవలెనని వ్రాయుటయే ఆతని నేరము. వ్రాసిన చేతులనే వారు నరికిరి. ఆయనకు ముప్పదేండ్లును నిండలేదు.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1952లో న్యాయమూర్తి రాజాధ్యక్షగారి యధ్యక్షతన నియమింపబడిన పత్రికా సంఘము 1954లో నివేదిక సమర్పించెను. బురద చల్లు పత్రికలను ఖండించుచు, పత్రికల నడవడిని విచారించుటకు ఒక మండలి యుండవలెనని సూచించెను. 1966లో ప్రెస్ కౌన్సిల్ ఏర్పడినది. అత్యవసర పరిస్థితిలో 1975లో రద్దయినది. 1978నాటి చట్టముతో మరల వచ్చినది. ఆ అత్యవసర దినములలో, 1975 జూన్ 28న, ‘ఇండియన్ ఎక్స్‌ప్రెస్’ సంపాదకీయపు తావును ఖాళీగా విడచి ప్రకటించెను. ఆ తెల్లకాగితము చెప్పినది చదువుటకు పాఠకులకు కష్టము కాలేదు.

ఈ కౌన్సిలుకు జరిమానా వేయు అధికారము లేదు. మందలించును, అభిశంసించును, అంతియే. అందుచేత దానిని కోరలు లేని పామని యెగతాళి చేయుదురు. కాని ఎగతాళి చేయువారిలో ఒక్కసారియైన ఫిర్యాదు వ్రాసినవారు నాకు కనబడలేదు. పద్ధతి సులువే. ముందు సంపాదకునకు జాబు వ్రాసి తప్పు చూపవలెను. ఆయన సవరింపనిచో, దినపత్రిక గాని వారపత్రిక గాని యైన పక్షమున, ప్రకటన జరిగిన రెండు నెలలలోపల ఆ కత్తిరింపును, మన జాబు నకలును జతపరచి కౌన్సిలుకు పంపవలెను. ఇంటిలో కూర్చుండి పత్రికను చింపి పారవేసి, ‘ఈ పత్రికలవాళ్ళందరింతే’ అనుటకన్న ఇది ఎక్కువ శ్రమ కాదు.

నేడు వార్త చేతిలోని ఫోనులో వచ్చుచున్నది. దాని యడుగున ముద్రాపకుని పేరు లేదు, ఊరు లేదు. మా నాటి ఆకాశరామన్న ఒక్క జాబు వ్రాయుటకు ఒక పూట పట్టెడిది. నేటి ఆకాశరామన్న నిమిషములో వేయి గుమ్మములు తట్టుచున్నాడు. 2018 జులైలో మన కర్ణాటకములోని బీదరు జిల్లాలో జరిగిన ఘోరమును తలచుకొందము. హైదరాబాదునుండి స్నేహితులతో కారులో వచ్చిన ఒక యువకుడు, దారిలో బడిపిల్లలకు చాక్లెట్లు పంచిరన్న కారణమున, పిల్లలనెత్తుకొనిపోవు ముఠాగా పొరబడిన గుంపు చేతిలో కొట్టబడి మరణించెను. తోడివారు తీవ్రముగా గాయపడిరి. ఆ సమయమున పిల్లల దొంగలు తిరుగుచున్నారను వదంతి ఫోనులలో నూరూర పాకియుండెను. వారు బెదరి కారెక్కి పోవుచుండగా, వారికన్న ముందే వాట్సాప్ సందేశము ముర్కి గ్రామమునకు చేరి, అచ్చట జనము దారికడ్డముగా కాచియుండిరి. అరెస్టయినవారిలో ఆ వాట్సాప్ బృందమును నడుపువాడును ఉండెను. అదే నెలలో ఆ సంస్థవారు మన దేశమున ఒక సందేశమును ఒకేసారి ఐదుచోట్లకు మించి పంపుటకు వీలులేకుండ కట్టడి చేసిరి.

ఆ సందేశమును ముందుకు పంపినవారిలో అధికులు దుర్మార్గులు కారు. పిల్లలుగల తల్లిదండ్రులు, భయపడి, తోడివారికి మేలు చేయుచున్నామనుకొని పంపిరి. మన సంఘపు వాట్సాప్ బృందములో కూడ పండుగ శుభాకాంక్షల నడుమ నట్టివి వచ్చుచున్నవి: ఫలానా రాష్ట్రమున తెలుగువారిని తరుముచున్నారనియు, ఫలానా బడిలో తెలుగు నిషేధించిరనియు. పంపినవారిని ‘మీకెవరు పంపిరి నాయనా’ అని అడిగినచో, ‘ఎవరో పంపిరండీ, మంచిదే గదా యని పంపితిని’ అందురు. కార్యవర్గమువారు నా సూచనపై నొక నియమము పెట్టిరి: మూలపత్రిక పేరు, తేదీ లేని వార్త బృందములో పెట్టరాదు. మొదటి నెలలో ఇరువురు సభ్యులు అలిగి వెడలిపోయిరి. ఒకరు తిరిగి వచ్చిరి.

సంఘపు పఠనమందిరమునకు రెండు తెలుగు దినపత్రికలు, ఒక కన్నడ దినపత్రిక వచ్చుచున్నవి. పాత ‘భారతి’ సంచికల కట్టలు కొన్ని బీరువాలో కలవు. సాయంకాలము అయిదు మొదలు ఎనిమిది వరకు తలుపు తీసియుండును. తెలుగు అక్షరములు రాని పిల్లలు వచ్చినచో, పత్రికలోని పెద్ద శీర్షికలతో అక్షరాభ్యాసము చేయించుటకు నేను ఆ వేళలో అక్కడనే యుందును.